కాకి వాలిన తిథి

మా పెద్దమామయ్య ఫ్యామిలీ గ్రూపులో పెట్టే ఫార్వర్డుల్లో నేను చివరిదాకా చదివినవి చాలా తక్కువ. ఇది మాత్రం చదివాను. యూదుల క్యాలెండర్లో ఆవ్ అని ఒక నెల ఉందట, ఆ నెల తొమ్మిదో రోజునే వాళ్ల చరిత్రలోని ఘోరాలన్నీ జరిగాయట. సొలొమోను కట్టిన మందిరం తగలబడింది ఆ రోజే, రెండో మందిరం కూలింది ఆ రోజే, ఇంగ్లండ్ నుంచి వెళ్లగొట్టింది ఆ రోజే, స్పెయిన్ నుంచి వెళ్లగొట్టింది ఆ రోజే, మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది ఆ రోజే, పోలండ్‌లోని వార్సా నుంచి ట్రెబ్లింకా అనే నాజీ హత్యాశిబిరానికి యూదుల్ని మోసుకెళ్లే రైళ్లు కదిలింది ఆ రోజే. కింద ఎర్ర అక్షరాల్లో "ఇదంతా యాదృచ్ఛికమా?" అని ఒక ప్రశ్న. దాని కింద మామయ్య సొంతంగా రెండు నమస్కారాలు పెట్టి, "అందుకే తిథి బలం అన్నారు మన పెద్దలు" అని రాశాడు.

నిజం చెప్పొద్దూ, చదవగానే ఒళ్లు జలదరించింది. పంచాంగం చూడందే ప్రయాణం పెట్టుకోని ఇంట్లో పెరిగినవాణ్ణి, తిథికి ఏదో ఉందంటే లోపల ఎక్కడో నమ్మేస్తాను. కానీ ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరైనా "అన్నీ కరెక్ట్‌గా వస్తున్నాయి" అంటే నాకు చేతులు దురద పెడతాయి. ఆ వారాంతం కూర్చుని ఇంగ్లీషు తేదీని హీబ్రూ తేదీగా మార్చే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసుకుని, ఆ పట్టికలో ఉన్నవాటినీ, ముఖ్యంగా లేనివాటినీ ఒక్కొక్కటే వేసి చూశాను. తేదీలు వాటంతట అవి కలవవని అప్పుడు అర్థమైంది. కొన్నిచోట్ల మనం లాగి కలుపుతాం, కొన్నిచోట్ల ఆ క్యాలెండర్ చూసుకునే మనుషులు పని మొదలుపెడతారు. మిగిలిన కాసిన్నీ కాకతాళీయం. కాకి వాలింది, తాటిపండు పడింది. ఆ మాట మన పెద్దలదే, కానీ తిథి బలం అనేవాళ్లకి అది ఎందుకో గుర్తురాదు.

ముందు ఆ క్యాలెండర్ సంగతి. పంచాంగం తెలిసినవాళ్లకి అదేమీ పరాయిది అనిపించదు. అమావాస్య దాటాక నెల మొదలు, చంద్రుణ్ణి బట్టి నెల, సూర్యుణ్ణి బట్టి ఏడాది. 12 నెలలు కలిపితే దాదాపు 354 రోజులే, ఏటా 11 రోజుల లోటు, దాన్ని పూడ్చడానికి అధిక మాసం. మనకైతే సంక్రమణం లేని నెల ఏది వస్తే అది అధికం, ఒకసారి శ్రావణం, ఇంకోసారి జ్యేష్ఠం. వాళ్లకి ఎప్పుడూ అదార్ నెలే రెండుసార్లు వస్తుంది, 19 ఏళ్లలో 7 సార్లు. పౌర్ణమికి వాళ్లకీ పెద్ద పండగలే: పస్కా నీసాన్ 15న, పర్ణశాలల పండగ తిష్రి 15న. పూరీం అదార్ 14న, అంటే తరచూ మన హోలీ చుట్టుపక్కల. 2024లో వాళ్ల కొత్త సంవత్సరం, మన దసరా పాడ్యమి ఒక్కరోజే పడ్డాయి, అక్టోబర్ 3న. అంతకుముందు ఏడాది మనకి అధిక శ్రావణం వచ్చింది కాబట్టి వాళ్లు సెప్టెంబర్ 16న చేసుకుంటే మనం అక్టోబర్ 15 దాకా ఆగాం.

రెండు తేడాలు మాత్రం గుర్తుపెట్టుకోవాలి, తర్వాత పనికొస్తాయి. మనకి రోజు సూర్యోదయంతో మొదలైతే వాళ్లకి సూర్యాస్తమయంతో మొదలు. రెండోది, వాళ్ల సంవత్సరాది ఆదివారం, బుధవారం, శుక్రవారం పడకూడదని నియమం. పడితే యోమ్ కిప్పూర్ (ప్రాయశ్చిత్త దినం) ఉపవాసమో, ఇంకో పండగో శనివారపు విశ్రాంతి దినమైన సబ్బాతుతో చిక్కు తెచ్చిపెడుతుంది. అందుకని లెక్క ఎలా తేలినా సంవత్సరాదిని ఒకటి రెండు రోజులు తర్వాతకి జరుపుతారు. అంటే ఆవ్ 9 అనే రోజు ఆకాశంలో రాసిపెట్టి ఉన్నదేమీ కాదు. వంట, వారం, వసతి చూసుకుని మనుషులు సర్దుకున్న రోజు.

ఇక పట్టిక. పాతవాటితో మొదలుపెడితే అక్కడే తడబాటు. బబులోనువాళ్లు మొదటి మందిరాన్ని ఎప్పుడు తగలబెట్టారు? బైబిల్లోనే రెండు తేదీలు ఉన్నాయి. రాజుల రెండో గ్రంథం 25వ అధ్యాయం ఐదో నెల ఏడో రోజు అంటుంది, యిర్మీయా 52వ అధ్యాయం అదే ఐదో నెల పదో రోజు అంటుంది. తొమ్మిది ఎక్కడా లేదు! ఈ చిక్కుని తల్ముద్ (యూదుల ధర్మచర్చల గ్రంథం) పండితులు దాచలేదు, ఎదురుగానే పెట్టుకుని విప్పారు: ఏడో రోజున శత్రువులు లోపలికొచ్చారు, తొమ్మిదో రోజు సాయంత్రం నిప్పు పెట్టారు, పదో రోజంతా తగలబడింది అని. ఆ చర్చలోనే రబ్బీ (మతగురువు) యోహానాన్, నేను ఆ తరంలో ఉండి ఉంటే ఉపవాసాన్ని పదో తేదీకే పెట్టేవాణ్ణి, మందిరంలో ఎక్కువ భాగం కాలింది అప్పుడే కదా అంటాడు. ఎంత మంచి మాట! రెండో మందిరం క్రీ.శ. 70లో రోమన్ల చేతిలో కాలిపోయినప్పుడు అదే కాలంలో ఉన్న చరిత్రకారుడు జోసీఫస్ కూడా పదో తేదీ అనే రాశాడు, బబులోనువాళ్లు కాల్చిన రోజే ఇదీ కాలింది చూశారా అని ఆశ్చర్యపోయాడు కూడా. అంటే ఈ తేదీలు కలిపే సరదా 2000 ఏళ్ల నాటిది. తల్ముద్ అయితే సూత్రమే చెప్పేసింది: మంచి మంచి రోజుకే చేరుతుంది, చెడు చెడ్డ రోజుకే చేరుతుంది అని. మా మామయ్య వాక్యం దాదాపు ఇదే.

మధ్యయుగానికి వస్తే 1290 నిఖార్సుగా నిలబడింది. ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ యూదుల్ని దేశం విడిచిపొమ్మని ఆజ్ఞ ఇచ్చింది జూలై 18న, అది ఆవ్ 9. ఒప్పుకుంటాను. కాకపోతే వెళ్లిపోవడానికి గడువు నవంబర్ 1. ఇక్కడ పట్టిక ఆజ్ఞ ఇచ్చిన రోజుని లెక్కలోకి తీసుకుంది. తర్వాతి వరస స్పెయిన్, 1492. అక్కడ ఆజ్ఞ మీద సంతకం అయింది మార్చి 31న. ఆవ్ 9 పడింది ఆగస్టు 2న. కాబట్టి ఇక్కడ ఆజ్ఞ తేదీ వద్దు, గడువు తేదీ కావాలి. ఆ గడువు కూడా ఆజ్ఞలో ఉన్నది జూలై నెలాఖరు, అంటే ఆవ్ 7. పైవరసలో ఒక కొలత, కింది వరసలో ఇంకో కొలత, అప్పటికీ రెండు రోజులు తక్కువ. నా ఉద్యోగంలో ఎవరైనా టెస్ట్ రిపోర్ట్ ఇలా రాస్తే ఆ సాయంత్రమే మీటింగ్ పెడతారు.

1914 దగ్గర నా భక్తి పూర్తిగా దిగిపోయింది. జర్మనీ రష్యా మీద యుద్ధం ప్రకటించింది ఆగస్టు 1న, శనివారం, ఆవ్ 9. లెక్క కరెక్టే. కానీ మొదటి ప్రపంచ యుద్ధం ఎప్పుడు మొదలైందంటే మనం బళ్లో ఏం చదివాం? సరాయెవోలో యువరాజు హత్య జూన్ 28, అది తమ్మూజ్ 4. ఆస్ట్రియా సెర్బియా మీద యుద్ధం ప్రకటించింది జూలై 28, అది ఆవ్ 5. బ్రిటన్ దిగింది ఆగస్టు 4, ఆవ్ 12. ఇన్ని తలుపుల్లో ఒకదానికి మన తాళం పడితే అదే అసలు తలుపు అంటున్నాం. పైగా ఆ ఏడు ఆవ్ 9 శనివారం పడింది కాబట్టి ఉపవాసం మర్నాటికి జరిగింది. అంటే యుద్ధ ప్రకటన వచ్చిన పగలు ఆ యూరప్ యూదులు ఉపవాసంలో లేరు, సబ్బాతు భోజనాల్లో ఉన్నారు. ఈ ముక్క ఏ ఫార్వర్డులోనూ కనపడదు.

1942 గురించి వెటకారంగా రాయడానికి చెయ్యి రాదు. యూదుల్ని గోడల మధ్య బంధించి ఉంచిన వార్సా ఘెట్టో నుంచి తరలింపులు జూలై 22న మొదలయ్యాయి, ఆ సాయంత్రంతో ఆవ్ 9 ప్రవేశించింది. యూదుల మండలి పెద్ద ఆడమ్ చెర్నియాకోవ్ మనుషుల్ని అప్పగించే పని చెయ్యలేక మర్నాడు, 23న, ప్రాణం తీసుకున్నాడు. ఆ రోజు ఆ వీధుల్లో ఉన్నవాడు ఇది ఆవ్ 9 కాబట్టే అని అనుకుని ఉంటే నేనెవర్ని కాదనడానికి? వాళ్లకి అది లెక్క కాదు, చావు ఎదురుగా ఉన్నప్పుడు చేతికి దొరికిన ఆనవాలు. నా గొడవ వాళ్లతో కాదు, 80 ఏళ్ల తర్వాత దాన్ని ఎర్ర అక్షరాల్లో ఫార్వర్డ్ చేసేవాళ్లతో.

ఎందుకంటే ఆ పట్టికలో లేని తేదీలు చూడండి. హిట్లర్ జర్మనీ చాన్సలర్ అయిన రోజు, 1933 జనవరి 30: షెవాత్ 3, ఏమీ లేని రోజు. 1938 నవంబర్ 9 రాత్రి జర్మనీ అంతటా యూదుల ప్రార్థనా మందిరాలు తగలబెట్టారు: హెష్వాన్ నెల, పెద్ద పండగ గానీ పెద్ద ఉపవాసం గానీ లేని నెల. 1939 సెప్టెంబర్ 1, రెండో ప్రపంచ యుద్ధం: ఎలూల్ 17. 1942 జనవరి 20, వాన్‌సేలో అధికారులు కూర్చుని యూరప్ యూదుల్ని మొత్తంగా నిర్మూలించే పనిని శాఖలవారీగా పంచుకున్న రోజు: షెవాత్ 2. యూదుల చరిత్రలో ఇంతకన్నా నల్లటి రోజులు ఏవి? ఇవేవీ ఆవ్ 9ని వెతుక్కుంటూ రాలేదు.

ఇంకో పక్కనుంచి, ఎక్కడ పడితే అక్కడ తగిలే అవకాశం ఎంతో కూడా లెక్కవేశాను. పస్కా ముందురోజు, పస్కా మొదటి రోజు కలిపి 2. ఆ మర్నాటి నుంచి సివాన్ 5 దాకా ఓమెర్ లెక్కింపు 49 రోజులు, వెంటనే వారాల పండగ 1. తమ్మూజ్ 17 నుంచి ఆవ్ 9 దాకా శోకకాలం 22 రోజులు. తిష్రి 1 నుంచి 22 దాకా మన దసరా సందడిలా వరస పండగలు, ఇంకో 22. హనుక్కా దీపాల పండగ 8. తేవేత్ 10 ఉపవాసం, షెవాత్ 15 చెట్ల పండగ, పూరీం చుట్టూ మూడు రోజులు. కూడితే 109. అంటే 354 రోజుల్లో దాదాపు మూడోవంతు ఏదో ఒక గుర్తున్న రోజే! కళ్లు మూసుకుని రాయి విసిరినా మూడింట ఒకటి తగులుతుంది. ఇక ముందురోజు, మర్నాడు కూడా ఒప్పుకుంటామంటే చెప్పేదేముంది. 1994లో బ్యూనస్ ఎయిరీస్‌లో యూదుల సంఘ భవనం దగ్గర బాంబు పేలి 85 మంది చనిపోయారు, జూలై 18న. అది ఆవ్ 10. కొన్ని పట్టికల్లో అదీ ఉంది, "ఆవ్ 9 ముగిసిన వెంటనే" అని.

శోకం నుంచి సంతోషానికి వద్దాం. పూరీం అంటే ఎస్తేరు కథ తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, యూదుల్ని చంపించాలనుకున్న హామాను తను కట్టించిన ఉరికంబమే ఎక్కిన కథ. ఈ పండగకి స్టాలిన్‌ని కలుపుతారు. పూరీం రోజునే చచ్చాడు అని. స్టాలిన్ కుప్పకూలి దొరికింది 1953 మార్చి 1న, అది పూరీమే. చచ్చింది మార్చి 5న, అదార్ 18. ఆ జనవరిలోనే యూదు వైద్యుల మీద కుట్ర కేసు బనాయించి ఉన్నాడు కాబట్టి ఆ నెలల్లో బతికినవాళ్ల గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో ఊహించగలను. ఆయన పోయిన నెలలోపే, ఏప్రిల్ 4న, ఆ కేసు ఉత్తదే అని సోవియట్ ప్రభుత్వమే చెప్పింది. ఇదీ నాకు నచ్చిన కలయిక, పూరీం కథకి సరిపోయింది కూడా. ఇంకోటి 1991. సద్దాం స్కడ్ క్షిపణులతో ఇజ్రాయెల్ జనం వారాల తరబడి గ్యాస్ మాస్కులు పక్కన పెట్టుకుని పడుకున్నారు. గల్ఫ్ యుద్ధంలో కాల్పులు ఆగిన రోజు ఫిబ్రవరి 28, సరిగ్గా పూరీం. పిల్లలు ఒక మాస్కు తీసి ఇంకో మాస్కు పెట్టుకున్నారన్నమాట. ఇలాంటివి విన్నప్పుడు నేనూ నవ్వుతాను. నవ్వడానికి సిద్ధాంతం అక్కర్లేదు.

సిద్ధాంతం కావాలనేవాళ్లు నాజీ నాయకుల మీద విచారణ జరిగిన న్యూరెంబర్గ్‌కి వెళ్తారు. 1946 అక్టోబర్ 16న పదిమంది నాజీ నాయకుల్ని ఉరితీశారు, పదకొండోవాడు గోరింగ్ కొద్ది గంటల ముందు విషం మింగాడు. ఎస్తేరు గ్రంథంలో హామాను కొడుకులూ పదిమందే. ఉరికంబం ఎక్కుతూ యూలియస్ ష్ట్రైఖర్ "పూరీం పండగ 1946!" అని అరిచాడు, అది నిజంగా రికార్డయిన మాట. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ పది పేర్ల జాబితాలో మూడు అక్షరాలు ఆనవాయితీగా చిన్నవిగా రాస్తారు: తావ్, షిన్, జాయిన్. అంకెలుగా 400, 300, 7. మొత్తం 707, అంటే హీబ్రూ సంవత్సరం 5707, అంటే 1946! అని. వింటే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. కానీ ఆ రోజు పూరీం కాదు కదా, పూరీంకి దగ్గర్లో కూడా లేదు. అది తిష్రి 21. సంవత్సరం కోసం అక్షరాలు వాడుకుని, రోజు కలవకపోతే వదిలేసి, మళ్లీ ఆ రోజు కూడా హోషానా రబ్బా, తీర్పు ఖరారయ్యే రోజే అని ఇంకో తలుపు తీస్తారు. కావాలంటే ఒకటి నేనూ తయారుచేసి ఇస్తాను చూడండి. 2025లో గాజా నుంచి ప్రాణాలతో మిగిలిన చివరి 20 మంది బందీలు విడుదలైంది అక్టోబర్ 13న. అదీ తిష్రి 21. నాజీల ఉరి, బందీల విడుదల ఒకే తిథి! ఎర్ర అక్షరాల్లో రాసి పంపితే వారంలో తిరిగి నా గ్రూపుకే వస్తుంది. దాన్ని తయారుచెయ్యడానికి నాకు పట్టిన టైం నాలుగు నిమిషాలు.

ఇక్కడిదాకా తేలికైన పని. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది రెండో రకం, మనుషులు క్యాలెండర్ చూసుకుని చేసినవి. 1973 అక్టోబర్ 6న ఈజిప్టు, సిరియా దాడి చేసింది తిష్రి 10న, యోమ్ కిప్పూర్ నాడు, ఇజ్రాయెల్ అంతా ఉపవాసంలో ఉండి రేడియో కూడా మూగబోయే రోజు. ఇందులో విధి ఏముంది? ఈజిప్టు సైన్యం సూయెజ్ కాలువ దాటడానికి వెన్నెల ఎంత ఉంటుంది, నీటి వడి ఎంత ఉంటుంది, ఇజ్రాయెల్ పండగలు ఎప్పుడు అని చూసుకుని రోజు పెట్టుకుంది. అదే రోజు ముస్లింలకి రంజాన్ నెల 10. రెండూ చంద్రుడి నెలలే కదా, పదోరోజు పదోరోజే అవుతుంది. ఈజిప్టువాళ్లు ఆ దాడికి బద్ర్ అని పేరు పెట్టారు, ప్రవక్త కాలంలో రంజాన్‌లోనే జరిగిన బద్ర్ యుద్ధం గుర్తుగా, తర్వాత "రంజాన్ పది" అని ఒక ఊరే కట్టుకున్నారు. ఒక్క మధ్యాహ్నం, రెండు క్యాలెండర్లు, రెండు జ్ఞాపకాలు. ఆవ్ 9 పట్టిక రాసేవాడికి ఒకే క్యాలెండర్ కనపడుతుంది.

వార్సా ఘెట్టో తిరుగుబాటు కూడా ఇలాగే. 1943 ఏప్రిల్ 19న జర్మన్ దళాలు ఘెట్టోని ఖాళీ చేయించడానికి లోపలికి వచ్చిన రోజు నీసాన్ 14, ఆ రాత్రే పస్కా విందు. ఆ మర్నాడు ఏప్రిల్ 20, హిట్లర్ పుట్టినరోజు. ఏ తేదీకి ఏది కారణమో తూచుకోవడం మీ పని.

2005 ఇంకా స్పష్టం. గాజాలోని యూదు నివాసాల్ని ఖాళీ చేయించాలని ఇజ్రాయెల్ ప్రధాని షరోన్ ప్రభుత్వం తీర్మానించింది. మొదట పెట్టుకున్న తేదీలు జూలైలో, శోకకాలపు మూడు వారాల మధ్యలో పడ్డాయి. బాగుండదని ఆగస్టు నడిమికి జరిపారు. ఆ ఏడు ఆవ్ 9 పడింది ఆగస్టు 14న, మర్నాటి నుంచి తరలింపు మొదలైంది. ఇప్పుడు ఫార్వర్డులు ఏమంటాయి? చూశారా, మళ్లీ ఆవ్ 9 దగ్గరే ఇళ్లు కూలాయి అని! అయ్యా, ఆ రోజుని తప్పించడానికే ఆ తేదీ పెట్టింది.

1994 ఫిబ్రవరి 25 ఇంకో పూరీం, దాన్ని ఈ పట్టికలవాళ్లు ఎందుకో తలవరు. ఆ తెల్లవారుజామున హెబ్రోన్‌లోని ఇబ్రహీమీ మసీదులో బారూక్ గోల్డ్‌స్టీన్ అనే యూదు డాక్టరు తుపాకీతో 29 మంది పాలస్తీనీయుల్ని నమాజులో ఉండగా చంపాడు. రంజాన్ నెల, శుక్రవారం. పూరీం రోజు శత్రువు కూలతాడు అనే పాఠాన్ని పట్టికలా కాకుండా ఆజ్ఞలా చదువుకున్న మనిషి ఏం చెయ్యగలడో అక్కడ కనపడుతుంది. మంచి మంచి రోజుకే చేరుతుందన్న సూత్రానికి పూరీం దగ్గర స్టాలిన్‌నీ గల్ఫ్ యుద్ధాన్నీ రాసుకున్నవాళ్లు ఈ మూడోదాన్ని ఏ గడిలో రాసుకుంటారు?

గ్రహణాల సంగతి రెండు ముక్కల్లో ముగిస్తాను, ఎందుకంటే తెలుగువాళ్లకి దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. 2014, 2015ల్లో నాలుగు సంపూర్ణ చంద్రగ్రహణాలు వరసగా పస్కాకీ పర్ణశాలల పండగకీ పడ్డాయి. రక్తచంద్రులు, అంత్యకాలం అని అమెరికాలో మొదలైన సందడి మన తెలుగు ప్రసంగాల్లోకీ వచ్చింది. చంద్రగ్రహణం పౌర్ణమికి కాక ఇంకెప్పుడు పడుతుంది? ఆ రెండు పండగలూ పౌర్ణమివే, రెండింటికీ మధ్య ఆరు నెలలు, గ్రహణాలు కూడా ఆరేసి నెలలకే తిరిగొస్తాయి. మొదటిది కలిస్తే మిగతా మూడూ కలవడం వింత కాదు, కలవకపోతే వింత. ఇలాంటి నాలుగేసి గ్రహణాలే 1492కీ 1948కీ సూచనలన్నారు. అవి పడింది 1493-94లో, 1949-50లో. జరిగిపోయిన ఏడాది తర్వాత వచ్చే సూచన ఎవరికి పనికొస్తుంది?

ఇదంతా చదివి, "అయితే ఆ క్యాలెండరే దండగ అంటావా" అని మామయ్య అడిగాడు. అనను. తేదీని జోస్యంగా వాడటం వేరు, జ్ఞాపకంగా వాడటం వేరు, రెండో పనిలో యూదులు మనకన్నా చాలా శ్రద్ధగలవాళ్లు. మనం 1947 ఆగస్టు 15ని ఇంగ్లీషు తేదీగానే ఉంచుకున్నాం. ఆ రోజు అధిక శ్రావణ బహుళ చతుర్దశి, ఆ తిథికి ఎవరూ జెండా ఎగరేయరు. (గాంధీగారికి మాత్రం గుజరాత్‌లో అక్టోబర్ 2తో పాటు భాద్రపద బహుళ ద్వాదశి కూడా పాటిస్తారు, రెంటియా బారస్ అని, రాట్నపు ద్వాదశి.) ఇజ్రాయెల్ తన స్వాతంత్ర్య దినాన్ని ఇయ్యార్ 5న పెట్టుకుంది. తమాషా ఏమిటంటే ఇయ్యార్ 5 సోమ, బుధ, శుక్ర, శని వారాల్లోనే పడగలదు. శుక్ర, శనివారాలైతే సబ్బాతు చెడుతుందని ముందు గురువారానికి జరుపుతారు, సోమవారమైతే మంగళవారానికి. బుధవారం పడితేనే అసలు తేదీకి అసలు పండగ! నాజీ మారణహోమపు స్మారక దినం కూడా ఇంతే. వార్సా తిరుగుబాటు రోజుకే పెడదామంటే అది పస్కా ముందురోజు, శోకదినం పెట్టకూడదు. వాదించుకుని వాదించుకుని చివరికి నీసాన్ 27 దగ్గర తేలారు, ప్రత్యేకంగా ఏమీ జరగని రోజు.

ఇంకా కొన్నింటికి తిథిని పక్కకే నెట్టేశారు. ఐక్యరాజ్యసమితి పాలస్తీనా విభజనకి ఓటేసిన 1947 నవంబర్ 29ని అక్కడ నవంబర్ 29గానే తలుస్తారు, వీధులకి ఆ పేరే పెట్టారు, కాకపోతే 29ని హీబ్రూ అక్షరాల్లో రాస్తారు. ఇజ్రాయెల్ ప్రధాని రాబిన్‌ని 1995 నవంబర్ 4 శనివారం రాత్రి టెల్ అవీవ్‌లో సభ అయ్యాక కాల్చి చంపారు. పొద్దు గుంకింది కాబట్టి అది హెష్వాన్ 11 కాదు, 12. నా ప్రోగ్రాం మొదట 11 అని చూపించి నన్ను గంటసేపు ఏడిపించింది. ప్రభుత్వ స్మరణ హెష్వాన్ 12న, జనం కూడేది నవంబర్ 4కి. హమాస్ దాడి జరిగిన 2023 అక్టోబర్ 7 మీద అయితే ఈ గొడవ ఇంకా పచ్చిగానే ఉంది. అది తిష్రి 22, ధర్మగ్రంథమైన తోరాతో నాట్యం చేసే పండగ రోజు. ఆ పండగని ఏటా శోకదినం చెయ్యాలా? ప్రభుత్వం స్మరణని తిష్రి 24కి పెట్టింది, చాలామంది జనం అక్టోబర్ 7నే పట్టుకున్నారు. ఎవరు ఏ తేదీకి దీపం వెలిగిస్తారన్నది అక్కడ నమ్మకాల మీద, రాజకీయాల మీద ఆధారపడిన సంగతి. చుక్కల మీద కాదు.

అన్నిటికన్నా నన్ను కదిలించింది తేవేత్ 10. యూదులు పోయినవాళ్ల తిథికి దీపం పెట్టి కద్దీష్ అనే ప్రార్థన చదువుతారు, మన తద్దినం లాగే. మరి మారణహోమంలో ఏ రోజు పోయారో తెలియని లక్షల మందికి? ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల పీఠం అలాంటివాళ్లందరికీ కలిపి తేవేత్ 10ని పెట్టింది. తిథి తెలియనివాళ్లకి మనం మహాలయ అమావాస్యకి నీళ్లు వదలమూ? గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే తెలుగు యూదు కుటుంబాలు ఉన్నాయి. ఈ పోలిక నాకంటే వాళ్లకే బాగా తెలిసి ఉంటుంది.

తేదీని ఎవరు నిర్ణయిస్తారనే దానికి, తల్ముద్‌కి మూలమైన మిష్నాలో ఒక కథ ఉంది. అప్పట్లో లెక్కల క్యాలెండర్ లేదు, నెలవంక చూశామని సాక్షులు చెబితే న్యాయసభ నెల మొదలైందని ప్రకటించేది. ఒకసారి సభాపతి రబ్బాన్ గమలియేలు ఒప్పుకున్న సాక్ష్యం తప్పని రబ్బీ యెహోషువ వాదించాడు. ఆయన లెక్క ప్రకారం యోమ్ కిప్పూర్ మర్నాడు పడుతుంది. గమలియేలు కబురు పంపాడు: నీ లెక్కలో యోమ్ కిప్పూర్ అయ్యే రోజున కర్రా, డబ్బూ పట్టుకుని నా దగ్గరికి రా అని. రెండూ ఉపవాసపు రోజు పట్టుకుని తిరగకూడనివే. యెహోషువ మథనపడ్డాడు, తోటి పండితులు నచ్చజెప్పారు, చివరికి కర్ర పట్టుకుని వెళ్లాడు. గమలియేలు లేచి ఆయన తల ముద్దుపెట్టుకున్నాడు. సభ పొరపాటు పడినా సభ చెప్పిందే తేదీ అని తల్ముద్ తేల్చేసింది. అంత నిబ్బరంగా తేదీ మన చేతిలోది అని చెప్పుకున్న సంప్రదాయాన్ని పట్టుకుని, తేదీ చేతిలో మనం ఉన్నాం అని ఫార్వర్డులు చెప్పడం నాకు మింగుడు పడదు.

మా ఇంట్లో గమలియేలు మా అమ్మమ్మ. తాతయ్య పోయింది తెల్లవారుజామున, దశమి వెళ్లి ఏకాదశి వచ్చే సంధిలో. ఇంట్లో ఉన్న రెండు పంచాంగాల్లో ఒకటి దశమి ఇంకా ఉందంది, రెండోది వెళ్లిపోయిందంది, డెత్ సర్టిఫికెట్‌లో ఇంగ్లీషు తేదీ అప్పటికే మారిపోయింది. మొదటి సంవత్సరీకానికి మామయ్య ఏకాదశి అన్నాడు, పురోహితుడుగారు రెండు చేతులూ తిప్పారు. అమ్మమ్మ వంటింట్లోంచి వచ్చి, "దశమి. ఆయన ఏకాదశి నాడు అన్నం మానేసేవారు, ఆ రోజు పెడితే తినరు" అని చెప్పి మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. దశమికే పెట్టాం. పిండం గోడ మీద పెట్టి దూరంగా నిలబడ్డామో లేదో కాకి వచ్చి వాలింది. మామయ్య కళ్లు తుడుచుకుని, "చూశావురా, దశమే కరెక్టు, వెంటనే వచ్చేశారు" అన్నాడు. నేనేమీ అనలేదు. అది ఆరబెట్టిన వడియాల కోసం రోజూ ఆ గోడ మీదికే వచ్చే కాకి, కుడి రెక్కలో ఒక ఈక తెల్లగా ఉంటుంది.